మంచినీళ్లూ అటునుంచే, మురుగూ అటునుంచే

(ఇటీవల మా గ్రంథాలయం హాల్లో ఒక రిటైర్డ్ మున్సిపల్ టౌన్ ప్లానింగ్ ఉద్యోగి చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు వానకి రాలేకపోయినవాళ్లు అడిగితే ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం. మిగతాది ఆయన మాట్లాడినట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. అధ్యక్షులు గారు పరిచయం చేస్తూ నన్ను యూరప్ వ్యవహారాల నిపుణుడు అనేశారు. అంత లేదండీ. ముప్పై ఒక్క ఏళ్లు మున్సిపాలిటీలో పనిచేశాను. ప్లాన్లు చూశాను, సెట్‌బ్యాకులు కొలిచాను, అటు కౌన్సిలర్ల చేతా ఇటు జనం చేతా తిట్లు తిన్నాను. సర్వీసులో సగం మురిక్కాల్వల గొడవలతోనే గడిచిపోయింది. కాబట్టి యూరప్ గురించి మొదలుపెట్టినా చివరికి మురిక్కాల్వ దగ్గరికే వస్తాను, ముందే చెప్తున్నా.

మా అమ్మాయి ఇటలీలో ఊదినె అనే ఊళ్లో ఉంటుంది. 2025లో నేనూ మా ఆవిడా వెళ్లి రెండున్నర నెలలు ఉన్నాం. అందరూ రోమ్ చూశారా, వెనిస్ చూశారా అని అడుగుతున్నారు. చూశాం. కానీ నాకు గుర్తుండిపోయింది అవి కాదు. ఊదినె నుంచి రైల్లో అరగంట వెళ్తే గొరీట్సియా అని ఒక ఊరు వస్తుంది. ఇటలీలో ఆఖరి ఊరు. దాన్ని ఆనుకుని, అంటే నిజంగా ఆనుకునే, మన బజారు వీధికీ వెనక వీధికీ ఉన్నంత దూరంలో, నోవా గోరిట్సా అని ఇంకో ఊరు. అది స్లొవేనియా. గోరిట్సా అంటే వాళ్ల భాషలో చిన్న గుట్ట. నోవా అంటే కొత్త. అంటే మన లెక్కలో పాత గుట్టపల్లి, కొత్త గుట్టపల్లి. పాత గుట్టపల్లి ఒక దేశం, కొత్త గుట్టపల్లి ఇంకో దేశం.

ఎందుకలా అయింది? మొదటి ప్రపంచ యుద్ధం దాకా అది ఆస్ట్రియా రాజుల కింద ఉండేది. ఆ తర్వాత ఇటలీకి వెళ్లింది. రెండో యుద్ధంలో ఇటలీ ఓడిపోయింది కదా, 1947 ఫిబ్రవరిలో పారిస్‌లో శాంతి ఒప్పందం రాశారు, సెప్టెంబర్‌లో అమల్లోకి వచ్చింది. ఊరు ఇటలీకి. ఊరి వెనకాల పల్లెలు, కొండలు, పైనున్న రైల్వే స్టేషన్ యుగోస్లావియాకి. ఇప్పటి స్లొవేనియా అప్పట్లో ఆ యుగోస్లావియాలో భాగం, తర్వాత విడిపోయింది. సైనికులు వచ్చి నేల మీద సున్నంతో గీత గీశారు. మనం కబడ్డీ కోర్టు గీస్తామే, అలా. పొలం ఇటు, పశువుల పాక అటు. మీరెన్ అనే ఊళ్లో అయితే ఆ గీత శ్మశానం మధ్యలోంచి పోయింది. సమాధుల మీదుగా. చచ్చినవాడికి కూడా తల ఒక దేశం, కాళ్లు ఒక దేశం. అది ఒక ఏడాదో రెండేళ్లో కాదు, పాతికేళ్లకి పైనే అలా ఉంది.

సరే, ఊరు పోయిన పల్లెలకి ఆస్పత్రి లేదు, బడి లేదు, బజారు లేదు. అవన్నీ గీతకి అవతలే ఉండిపోయాయి. ఏం చేస్తారు? 1948లో ఖాళీ పొలాల్లో కొత్త ఊరు మొదలుపెట్టారు. ప్లాన్ గీసింది ఎద్వార్ద్ రావ్నికార్ అనే ఆర్కిటెక్టు. ఈయన అంతకుముందు పారిస్‌లో ల కార్బూజియే ఆఫీసులో పనిచేశాడు. కార్బూజియే ఎవరు? మన చండీగఢ్ గీసినాయన! నేను నోవా గోరిట్సాలో నడుస్తుంటే వెడల్పు రోడ్లు, చెట్లు, మధ్యలో వదిలేసిన ఖాళీ జాగా, ఎక్కడో చూశానే అనిపించింది. మా వృత్తివాళ్లకి అదో జబ్బు లెండి, ఏ ఊరెళ్లినా రోడ్డు వెడల్పే చూస్తాం.

కొత్త ఊరికి ఆ రైల్వే స్టేషన్ దక్కింది. 1906లో ఆస్ట్రియా కాలంలో కట్టింది. స్టేషన్ బయట చౌక్ ఉంటుంది. గీత సరిగ్గా ఆ చౌక్ మీదుగానే పోయింది. స్టేషన్ నెత్తిన ఎర్ర నక్షత్రం పెట్టి, ఇటలీవాళ్లకి కనపడేట్టు 'మేం సోషలిజం కడుతున్నాం' అని రాశారు. ఇటువైపు నుంచి వీళ్లు రోజూ అది చదువుకోవాలి. పక్కింటివాడి గోడ మీద వాడి గొప్ప రాసుకుంటే మన కిటికీలోంచి మనం చూడాల్సివస్తే ఎలా ఉంటుంది, అలా.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన విషయం చెప్తాను. మున్సిపాలిటీలో నీళ్ల విభాగంలో చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఉన్నారా? మీకు బాగా అర్థమవుతుంది. గొరీట్సియా తాగే నీళ్లు ఎక్కడివి? ఊరికి పైన, నది ఒడ్డున మ్రజ్లెక్ అనే ఊట ఉంది. ఇటలీవాళ్లు దాన్నే ఫొంతె ఫ్రెద్దా అంటారు, చల్లని ఊట అని. గీత గీశాక ఆ ఊట యుగోస్లావియాలో పడింది. నీళ్ల ట్యాంకూ పైపులూ ఇటలీలో ఉన్నాయి. ఇదే ట్యాంకు నుంచి అటు పోయిన కొన్ని వీధులకి మళ్లీ ఇటు నుంచే నీళ్లు వెళ్లాలి. ఎంత చిక్కు చూడండి! అప్పుడు ఏం చేశారో తెలుసా? శాంతి ఒప్పందంలోనే, యుద్ధ నష్టపరిహారాలూ సైన్యాలూ రాసిన అదే కాగితంలోనే, వెనకాల ఐదో అనుబంధం అని ఒకటి పెట్టి, గొరీట్సియా మున్సిపాలిటీకి నీళ్ల సరఫరా అని రాశారు. ఊటలని యుగోస్లావియా నడపాలి, ఇటుపక్క ఊరికి నీళ్లు ఆపకూడదు. ట్యాంకుని ఇటలీ నడపాలి, అటుపక్క వీధులకి నీళ్లు ఆపకూడదు. ధర ఎంత? నిర్వహణకీ పంపిణీకీ అయిన ఖర్చు మీదే లెక్కగట్టాలి.

నేను అది చదివి మా అమ్మాయితో అన్నాను, ఇది రాసినవాడు ఎవడో గానీ నీళ్ల బిల్లు వసూలు చేసిన అనుభవం ఉన్నవాడే అని. ఎందుకంటే అప్పటికి ఆ రెండు దేశాల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే పరిస్థితి. తుపాకులు పట్టుకుని నిలబడ్డారు. కానీ ట్యాప్ మాత్రం కట్టెయ్యలేదు. సరిహద్దు దాటి సహకారం అని ఈ రోజు పెద్ద పెద్ద సదస్సులు పెడుతున్నారు కదా, అక్కడ అది మొదలైంది ప్రేమతో కాదు. పైప్‌లైన్ ముందే వేసి ఉంది కాబట్టి మొదలైంది.

రెండోది చీపుర్ల కథ. మా ఆవిడ ఫేవరెట్. 1950 ఆగస్టు 13, ఆదివారం. అటువైపు పల్లెలవాళ్లు మూడేళ్లుగా చుట్టాలని చూడలేదు. ఆ రోజు కలవనిస్తారని పుకారు వచ్చింది. వేలమంది గేటు దగ్గరికి వచ్చేశారు. కాసేపు ఆపారు, తర్వాత ఇక కాపలావాళ్ల వల్ల కాలేదు, జనం తోసుకుని ఇటలీలోకి వచ్చేశారు. వచ్చి ఏం చేశారు? శరణు అడిగారా? లేదు. చుట్టాల ఇళ్లకి పోయారు, తర్వాత దుకాణాలకి పోయారు. ఆదివారమైనా షాపులవాళ్లు షట్టర్లు ఎత్తేశారు, బేరం వస్తే ఎవరు వదులుకుంటారు! అటుపక్క దొరకనివి కొనుక్కున్నారు, అందులో ఎక్కువగా కనపడింది చీపుర్లు. సాయంత్రానికి చీపుర్లు భుజాన వేసుకుని మళ్లీ తమ దేశానికి వెళ్లిపోయారు. అందుకే ఆ రోజుని వాళ్లు ఇప్పటికీ చీపుర్ల ఆదివారం అంటారు. ఇల్లు ఊడ్చుకోవడానికి చీపురు కావాలండీ, దానికి ఏ సిద్ధాంతమైతే ఏంటి?

ఆ తర్వాత 1955లో ఊదినెలో ఒక ఒప్పందం చేసుకున్నారు. సరిహద్దుకి దగ్గర్లో ఉండేవాళ్లకి ప్రత్యేక పాసు ఇచ్చారు, దాంతో అటూ ఇటూ తిరగొచ్చు. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఇది మామూలు విషయం కాదు. కాఫీ పొడి, జీన్స్ ప్యాంట్లు, సబ్బు పౌడర్లు అటు వెళ్లేవి. మాంసం, పెట్రోలు ఇటు వచ్చేవి. ప్రిస్తవా అని ఒక చిన్న చెక్‌పోస్టు ఉండేది, ఇప్పుడది దొంగసరుకు మ్యూజియం. ఆ రోజుల్లో సరుకు ఎలా దాచి దాటించేవాళ్లో చూపించడానికి పెట్టారు. గది అంతా కలిపి మన రేషన్ షాపంత కూడా ఉండదు, కానీ నవ్వు ఆగదు.

2004 మే 1న స్లొవేనియా యూరోపియన్ యూనియన్‌లో చేరింది. చౌక్‌లో కంచె తీసేశారు. 2007 డిసెంబర్‌లో పాస్‌పోర్టు తనిఖీలు కూడా పోయాయి. మేం వెళ్లినప్పుడు ఆ చౌక్‌లో నిలబడి ఒక కాలు ఇటలీలో ఒక కాలు స్లొవేనియాలో పెట్టి ఫోటో దిగాం. అందరూ దిగేదే, మేమూ దిగాం.

మరి కంచె తీసేశారు కదా, ఇక సమస్య ఏముంది? అక్కడే ఉందండీ అసలు సమస్య! కంచె తీయడం ఒక పూట పని, కట్టర్ ఉంటే చాలు. కాగితం ఉంది చూశారూ, అది తెగదు. నా అనుభవం ఒకటి చెప్తాను, ఏ ఊరో చెప్పను. మా మున్సిపాలిటీ హద్దు దాటగానే పక్క పంచాయతీ. మధ్యలో కల్వర్టు. కల్వర్టు పూడిపోయింది. మేం తీద్దామంటే అది పంచాయతీ హద్దు అని ఆడిట్ అభ్యంతరం. వాళ్లు తీద్దామంటే నీళ్లు మున్సిపాలిటీవి అని వాళ్ల అభ్యంతరం. ఆ ఫైలు మూడేళ్లు తిరిగింది. మూడేళ్లు! ఒకే జిల్లా, ఒకే కలెక్టరు, ఒకే భాష, తెల్లారి లేస్తే ఒకే హోటల్లో ఇడ్లీ తినేవాళ్లం మేం ఇద్దరం. మరి రెండు దేశాలు, రెండు భాషలు, రెండు చట్టాలు ఉన్నచోట ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అక్కడ కూడా సరిగ్గా అదే గొడవ. ఆ రెండు ఊళ్ల మధ్య కోరెన్ అని ఒక వాగు ఉంది. నోవా గోరిట్సా మురుగు ఏళ్ల తరబడి శుద్ధి లేకుండా ఆ వాగులో కలిసి నేరుగా ఇటలీవైపు వచ్చేది. మంచినీళ్లూ అటునుంచే, మురుగూ అటునుంచే! ఇటలీవాళ్లు ఫిర్యాదులు చేసేవాళ్లు. ఇటు మేయరు ముక్కు మూసుకోగలడు గానీ అటు వెళ్లి పైపు వెయ్యలేడు కదా. చివరికి స్లొవేనియావైపు వర్టోయిబాలో యూరోపియన్ యూనియన్ డబ్బుతో శుద్ధి కేంద్రం కట్టారు. యూరప్ అనగానే మనకి అద్దంలా మెరిసే ఊళ్లు గుర్తొస్తాయి. వాళ్ల ఊళ్లోనూ డ్రైనేజీ కంపు కొట్టిందని తెలిశాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది, నిజం చెప్తున్నా.

ఇలాంటివాటి కోసం వాళ్లు ఒక పనిముట్టు తయారుచేసుకున్నారు. 2006లో యూరోపియన్ యూనియన్ చట్టం చేసింది. దాని పేరు ఈజీటీసీ, అంటే యూరోపియన్ గ్రూపింగ్ ఆఫ్ టెరిటోరియల్ కోఆపరేషన్. నోరు తిరగదు, వదిలేయండి. విషయం ఏంటంటే, రెండు దేశాల మున్సిపాలిటీలు గానీ జిల్లాలు గానీ రాష్ట్రాలు గానీ కలిసి ఒక సంస్థ పెట్టుకోవచ్చు. దానికి చట్టం ముందు సొంత గుర్తింపు ఉంటుంది, సొంత బ్యాంక్ ఖాతా, సొంత సిబ్బంది. టెండరు పిలవగలదు, ఉద్యోగిని పెట్టుకోగలదు, కోర్టుకి వెళ్లగలదు. మరి ఏ దేశం చట్టం? ఆఫీసు ఏ దేశంలో రిజిస్టర్ అయితే ఆ దేశానిది. ఎంత తేలికైన జవాబు! కానీ ఆ జవాబు ఒప్పుకోవాలంటే అవతలి దేశం కొంచెం తగ్గాలి. నా ఊరి పని మీ చట్టం కింద టెండరు అవుతుంది, సరే, అనాలి. మనలో ఎంతమంది అంటాం?

గొరీట్సియా, నోవా గోరిట్సా, పక్కనే షెంపేటర్-వర్టోయిబా, ఈ మూడు మున్సిపాలిటీలూ 2011లో అలా ఒకటి పెట్టుకున్నాయి. ఆఫీసు గొరీట్సియాలో. ఇక డబ్బు. ఇంటర్‌రెగ్ అని యూరోపియన్ యూనియన్‌కి ఒక పథకం ఉంది, 1990 నుంచి నడుస్తోంది, సరిహద్దుకి రెండువైపులవాళ్లూ కలిసి అడిగితేనే డబ్బు ఇస్తారు. ఒక్కరే వెళ్లి అడిగితే రాదు. నాకు చాలా తెలివైన షరతు అనిపించింది. ఆ పథకం కింద ఈ మూడు ఊళ్ల సంస్థకి కోటి యూరోలు వచ్చాయి. సగం నది ఒడ్డున నడక దారులు, సైకిల్ దారులు, పార్కుకి. నదికి కూడా రెండు పేర్లు, అటు సోచా, ఇటు ఇసోంజో. మిగతా సగం వైద్యానికి, అంటే గర్భిణులకి, మానసిక ఆరోగ్యానికి, ఆటిజం ఉన్న పిల్లలకి రెండువైపుల డాక్టర్లూ కలిసి పనిచేసేట్టు.

ఇంటర్‌రెగ్‌కి 2021 నుంచి 2027 దాకా అన్ని సరిహద్దులకీ కలిపి ఇచ్చేది సుమారు 800 కోట్ల యూరోలు. వినడానికి పెద్దదే. కానీ అదే ఏడేళ్లకి వాళ్ల మొత్తం బడ్జెట్ లక్ష కోట్ల యూరోలు దాటుతుంది. అంటే రూపాయిలో పైసా కూడా కాదు. సరిహద్దు ప్రాంతాల్లో ఉండేవాళ్లు ఎంతమంది? జనాభాలో దాదాపు మూడో వంతు, 15 కోట్లు. ఉపన్యాసాల్లో సరిహద్దులు చెరిపేశాం అంటారు, బడ్జెట్లో పైసా పెడతారు. ఈ విషయంలో అన్ని ఖండాలవాళ్లూ ఒకటే.

వైద్యం అన్నాను కాబట్టి ఇంకో ఊరు చెప్పి తీరాలి. ఇది నేను చూడలేదు, చదివిందే. స్పెయిన్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్య పిరనీస్ కొండలు. ఆ కొండల్లో సెర్దాన్యా అని ఒక లోయ. లోయ ఒకటే, దేశాలు రెండు. 1659లో రెండు దేశాల రాజులూ సంధి చేసుకుని పంచుకున్నారు. స్పెయిన్ 33 గ్రామాలు ఫ్రాన్స్‌కి ఇవ్వాలని తేల్చారు. అందులో ల్యీవియా అనే ఊరువాళ్లు ఏమన్నారంటే, ఒప్పందంలో గ్రామాలు అని రాశారు, మాది గ్రామం కాదు పట్టణం, కాబట్టి మేం రాం. అంతే! ఈ రోజుకీ ల్యీవియా చుట్టూ ఫ్రాన్స్, మధ్యలో అది స్పెయిన్. పంచాయతీయా మున్సిపాలిటీయా అన్న తేడా ఇంటి పన్నుకే అనుకున్నాను ఇన్నాళ్లూ. దేశాన్నే మార్చేస్తుందని తెలియదు.

ఆ లోయలో రెండువైపులా కలిపి సుమారు ముప్పై వేల మంది ఉంటారు. ఫ్రాన్స్‌వైపు వాళ్లకి పెద్దాస్పత్రి కావాలంటే పెర్పిన్యా వెళ్లాలి, ఘాట్ రోడ్డులో వంద కిలోమీటర్లు. చలికాలం మంచు. నొప్పులొస్తే ఏం చేస్తారు? మరి ముప్పై వేల మందికి రెండు దేశాలూ రెండు ఆస్పత్రులు కడతాయా? కట్టవు. అందుకని స్పెయిన్‌వైపు పుచ్‌సెర్దా అనే ఊళ్లో ఇద్దరికీ కలిపి ఒకే ఆస్పత్రి కట్టారు. 2014 సెప్టెంబర్‌లో మొదలైంది. కట్టడానికి అయిన ఖర్చులో 60 శాతం యూరోపియన్ యూనియన్ ఇచ్చింది, మిగతాది ఫ్రాన్సూ, స్పెయిన్‌లో ఆ ప్రాంతపు ప్రభుత్వం కటలోనియా పెట్టుకున్నాయి. దాన్ని నడిపేది కూడా ఇందాక చెప్పిన ఈజీటీసీయే.

గోడలు లేచాయి, మంచాలు వచ్చాయి. అప్పుడు మొదలైంది అసలు కథ. ఫ్రెంచి తల్లికి అక్కడ బిడ్డ పుట్టింది. బిడ్డ ఏ దేశంలో పుట్టినట్టు? స్పెయిన్‌లో. ఇల్లు ఐదారు కిలోమీటర్లలో ఉంది, కానీ జనన ధృవీకరణ విదేశానిది. పుట్టడం సంగతి అలా ఉంచండి, పోతే? ఫ్రెంచి ముసలాయన ఆ ఆస్పత్రిలో చనిపోతే శవాన్ని ఇంటికి తీసుకెళ్లడం అంటే దేశం దాటించడం. కాన్సులేట్ కాగితాలు, సీలు వేసిన పెట్టె. ఖండం దాటించడానికి ఏమేం కావాలో అవన్నీ కావాలి, కొండ మలుపు తిరిగితే వాళ్లిల్లు! బతికున్నప్పుడు అంబులెన్సులో పావుగంటలో వచ్చినవాడు, పోయాక రోజుల తరబడి ఆగాలి. చివరికి ఆ రెండు దేశాలూ శవాల రవాణా కోసం వేరే ఒప్పందం రాసుకోవాల్సి వచ్చింది. ఆస్పత్రి ప్లాన్ గీసినవాడు ఆపరేషన్ థియేటర్ ఎక్కడుండాలో ఆలోచించి ఉంటాడు, కరెంటు పోతే ఏంటో ఆలోచించి ఉంటాడు, మార్చురీ గది తలుపు ఏ దేశంలోకి తెరుచుకోవాలో ఆలోచించి ఉండడు. నేనైనా ఆలోచించను.

ఇలాంటి చిక్కులు వచ్చినప్పుడు ఎవరికి చెప్పుకోవాలి అన్నది పెద్ద ప్రశ్న. దానికో పద్ధతి ఉండాలని 2018లోనే ప్రతిపాదన పెట్టారు, దేశాలు ఒప్పుకోక నానింది, 2025లో బ్రిడ్జ్ ఫర్ ఈయూ అని చట్టం వచ్చింది. సరిహద్దు దగ్గర మీకు ఫలానా రూలు అడ్డొస్తోంది అని అర్జీ పెట్టుకోవడానికి ఒక కౌంటరు పెట్టొచ్చు. పెట్టొచ్చు, పెట్టాలి అని కాదు. 'వచ్చు'కీ 'వలెను'కీ ఎంత దూరమో ప్రభుత్వోద్యోగులకి నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ కొందరికి సందేహం రావచ్చు, అంతా బాగుందని చెప్తున్నాడా, బాలేదని చెప్తున్నాడా అని. రెండూ. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు గొరీట్సియా చౌక్‌లో మళ్లీ కంచె వేశారు. పదహారేళ్లు లేని కంచె రాత్రికి రాత్రి వచ్చేసింది. ఇటొకరు అటొకరు కంచె దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. జూన్‌లో తీశారు. 2023 అక్టోబర్లో ఇటలీ మళ్లీ స్లొవేనియా నుంచి వచ్చేవాళ్లకి తనిఖీలు పెట్టింది, తాత్కాలికం అన్నారు, పొడిగించుకుంటూ పోతున్నారు. ఇంకోపక్క 2025లో ఆ రెండు ఊళ్లూ కలిసి యూరప్ సాంస్కృతిక రాజధాని అయ్యాయి, సరిహద్దుకి రెండువైపులా ఉన్న ఊళ్లకి కలిపి ఆ బిరుదు దక్కడం అదే మొదటిసారి. ఒక పక్క బ్యానర్లు, ఒక పక్క పోలీసు జీపు. రెండూ ఒకే రోడ్డు మీద చూశాను.

జీపు అంటే గుర్తొచ్చింది. చీపుర్ల కథ విన్నాక మా ఆవిడ ఊరుకోలేదు. నోవా గోరిట్సాలో ఒక షాపులో చీపురు కొంది. గట్టిది, జొన్న చీపురు, మనకి దొరికేదానికంటే పొట్టి. వద్దన్నా వినదు. కారులో వెనక సీట్లో పెట్టుకుని తిరిగి వస్తుంటే ఇటలీలోకి రాగానే పోలీసు చెయ్యి ఎత్తాడు. పాస్‌పోర్టులు అడిగాడు. మా పాస్‌పోర్టులు ఊదినెలో బీరువాలో ఉన్నాయి. కంచె లేదు కదా, తెచ్చుకోవడం దేనికి అన్నది నేనే. నాకు చెమటలు పట్టాయి. మా అమ్మాయి తన పర్మిట్ కార్డు చూపించి, మా పాస్‌పోర్టుల ఫోటోలు ఫోన్లో చూపించి ఏదో మాట్లాడుతోంది. ఆయన లోపలికి తొంగి చూసి, చీపురు చూసి, మా ఆవిడని చూసి, ఈసారి కాగితాలు దగ్గర పెట్టుకోండి అని చెప్పి పంపించేశాడు. దారంతా మా ఆవిడ ఒకటే మాట. "కంచె తీసేశారన్నారుగా?"

ఆ చీపురు సూట్‌కేసులో పట్టలేదు, మా అమ్మాయి దగ్గరే ఉంది. అధ్యక్షులు గారు గడియారం చూస్తున్నారు. టీ కూడా వచ్చినట్టుంది. తాగుతూ ప్రశ్నలు అడగండి, కల్వర్టు ఏ ఊరిదో మాత్రం అడక్కండి.